నలభై లారీల వడ్లలో మూడు బెరుకులు

(నల్లగొండలో జరిగిన ఒక ఆరోగ్య సమావేశంలో పాథాలజీ వైద్యురాలు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనుక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. పెద్దవాళ్లను ఫ్యాన్ కింద కూర్చోనివ్వండి.

మా మేనమామ సంగతితో మొదలుపెడతాను. ఆయనది ఈ పక్కనే, ఉదయసముద్రం నీళ్లు పారే ఊరు. నాలుగెకరాల పత్తి, ఎకరన్నర వరి. ఒక ఆరుద్ర కార్తెలో, పత్తి గింజ పెట్టి వారం కూడా కాకముందే, హైదరాబాద్‌లో తీయించిన స్కాన్ రిపోర్టు చేతికొచ్చింది. పెద్దప్రేగులో గడ్డ, కాలేయంలో మచ్చలు. ఇంట్లోవాళ్లంతా ఆయనకు అల్సర్ అని చెప్పారు. రాత్రి నేను మంచినీళ్లు ఇద్దామని మంచం దగ్గరికి పోతే చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డా, నువ్వన్న నిజం జెప్పు. పత్తి ఏరేదాక ఉంటనా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు వైద్యంలో ఒక పేరుంది, ప్రోగ్నోసిస్. వచ్చిన రోగం ఏమిటో తేల్చేది డయాగ్నోసిస్. ఆ రోగం ఎటు పోతుంది, ఎంత తొందరగా పోతుంది అని అంచనా కట్టేది ప్రోగ్నోసిస్. రోగులు మమ్మల్ని ఎక్కువగా అడిగేది ఈ రెండోదే. మేము తప్పించుకునేది కూడా దీన్నుంచే. రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలను లెక్కపెట్టి పెద్దప్రేగు క్యాన్సర్ నడకను అంచనా కట్టవచ్చా అన్నది ఇవాళ్టి సంగతి. మామకు నేనేం చెప్పానో తర్వాత చెబుతాను. ముందు ఈ కణాల సంగతి చూద్దాం.

కాల్వకు నీళ్లు వదిలినప్పుడు మీరంతా చూసే ఉంటారు. ఎగువ గట్టు మీద వయ్యారిభామ గింజ రాలి నీళ్లలో పడుతుంది. కొట్టుకొని వస్తుంది. వచ్చిన గింజలన్నీ మొలవవు. కొన్ని కుళ్లిపోతాయి, కొన్నిటిని చీమలు ఎత్తుకుపోతాయి, కొన్ని రాళ్ల మీద పడి మాడిపోతాయి. తనకు సరిపడ్డ మట్టి దొరికిన గింజ ఒక్కటి మొలిస్తే చాలు, రెండేళ్లలో ఆ చెల్కంతా అదే. క్యాన్సర్ కూడా ఇట్లాగే పాకుతుంది. గడ్డ నుంచి కణాలు ఊడి రక్తంలో పడతాయి. చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. రక్తంలో వాటి ఆయుష్షు గంటల్లోనే. తట్టుకొని, ఎక్కడో దిగి, వేళ్లూనినవి కొద్దిగానే ఉంటాయి. స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లండ్ వైద్యుడు 1889లోనే ఈ మాట చెప్పాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ల శవపరీక్షల వివరాలు వందల కొద్దీ చూసి, రోగం ఎక్కడపడితే అక్కడ మొలవడం లేదని గమనించాడు. విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా ఒప్పుకోవాలి అన్నాడు. రైతుకు ఇది కొత్త సంగతి కాదు.

ఇక పెద్దప్రేగు దగ్గరికి వద్దాం. మిగతా ఒంటి నుంచి వచ్చే చెడు రక్తం నేరుగా గుండెకు పోతుంది. ప్రేగు నుంచి వచ్చే రక్తం అట్లా పోదు. పోర్టల్ సిర అనే పెద్ద కాల్వలో కలిసి ముందు కాలేయంలోకి దిగుతుంది. మన గొలుసుకట్టు చెరువులు గుర్తు చేసుకోండి, పై చెరువు అలుగు పారితేనే కింది చెరువుకు నీళ్లు. కాలేయం ఆ పై చెరువు. పారే నీళ్లు అక్కడ నెమ్మదిస్తాయి, మోసుకొచ్చిన మట్టి, గింజలు అక్కడే దిగుతాయి. పెద్దప్రేగు క్యాన్సర్ పాకితే ఎక్కువగా మొదట కాలేయంలో బయటపడేది ఇందుకే. మలాశయం కింది కొస నుంచి వచ్చే కొన్ని సిరలు మాత్రం ఈ చెరువును చుట్టి నేరుగా గుండెకు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు పోతాయి. అందుకే అక్కడి క్యాన్సర్‌లో ఊపిరితిత్తుల మీద కూడా ఒక కన్ను వేసి ఉంచుతాం.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. మనం రక్తం తీసేది మోచేతి దగ్గర. అంటే పై చెరువులో వడపోత అయిపోయాక, కింది కాల్వలో దోసిలి ముంచి చూస్తున్నట్టు. రొమ్ము క్యాన్సర్‌లో దొరికినన్ని కణాలు పెద్దప్రేగు క్యాన్సర్‌లో దొరకకపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

రక్తంలో క్యాన్సర్ కణం కనిపించడం ఇవాళ్టి మాట కాదు. 1869లో ఆస్ట్రేలియాలో థామస్ ఆష్‌వర్త్ అనే వైద్యుడు, ఒంటినిండా గడ్డలతో చనిపోయిన ఒక మనిషి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, గడ్డలో ఉన్నలాంటి కణాలే రక్తంలోనూ ఉన్నాయని రాసిపెట్టాడు. కానీ బతికున్న మనిషి చేతి రక్తంలో వాటిని పట్టుకొని, నమ్మకంగా లెక్కపెట్టడానికి ఇంకో 130 ఏళ్లకు పైగా పట్టింది. ఎందుకు అంత కష్టమో చెబుతాను.

ఈ కణాలను లెక్కపెట్టే పరీక్షకు తీసుకునే రక్తం 7.5 మిల్లీలీటర్లు. చిన్న చెంచాతో చెంచాన్నర. అందులో ఎర్రకణాలు సుమారు 3,700 కోట్లు. తెల్లకణాలు అయిదు కోట్ల చిల్లర. మిర్యాలగూడ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా? చేతులెత్తండి. ఈ లెక్క మీకు సులువు. ఒక వడ్లగింజ 25 మిల్లీగ్రాములు అనుకోండి. 3,700 కోట్ల గింజలంటే 900 టన్నులు దాటుతాయి. రైస్‌మిల్లు ముందు నలభై లారీలు వరుసగా నిలబడతాయి. ఆ నలభై లారీల వడ్లలో మూడు బెరుకు గింజలు, అంటే కలిసిపోయిన వేరే రకం గింజలు ఉన్నాయి, ఏరి తీసుకురమ్మంటే ఎట్లా? ఈ పరీక్ష చేసే పని అదే.

ఎట్లా చేస్తుందంటే, పెద్దప్రేగు లోపలి పొర నుంచి పుట్టిన కణాల ఒంటి మీద ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్ ఉంటుంది. రక్తకణాల మీద అది ఉండదు. కంటికి కనపడనంత సన్నని ఇనుప రేణువులకు ఆ ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ అంటించి రక్తంలో కలుపుతారు. పక్కన అయస్కాంతం పెడితే రేణువులు అంటుకున్న కణాలు గోడకు చేరతాయి, మిగిలింది ఒంపేస్తారు. అయినా కొన్ని తెల్లకణాలు ఇరుక్కొని వస్తాయి. అందుకని మూడు రంగులు వేస్తారు. ఒకటి కేంద్రకానికి, ఒకటి సైటోకెరటిన్ అనే లోపలి ప్రొటీన్‌కు, ఇంకోటి తెల్లకణాల మీద మాత్రమే ఉండే సీడీ45కు. మొదటి రెండూ వెలిగి మూడోది వెలగకపోతేనే అది మనం వెతికే కణం.

పైచదువుల్లో ఉన్నప్పుడు ఆ చిత్రాలు చూసే అవకాశం నాకు దొరికింది. యంత్రం తెర మీద చిన్న చిన్న గడులు పెడుతుంది. నల్లటి గడి మధ్యలో ఊదారంగు చుక్క, దాని చుట్టూ ఆకుపచ్చ అంచు, కాస్త వంకరగా, ఒక పక్క పలచగా. సీడీ45 గడి పూర్తిగా చీకటి. ఇది కణమా, చచ్చిన కణం ముక్కనా, మెరిసిన దుమ్మా అని చివరికి మనిషే తేల్చాలి. ఒక్కో గడి దగ్గర ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. ఒక గడిని ఔను అంటే లెక్క రెండు నుంచి మూడవుతుంది. మూడైతే ఆ రోగి కాగితం మీద వేరే వరుసలోకి పోతాడు.

మూడు అన్న అంకె ఎక్కడిదో కూడా వినండి. ఈ పరీక్షకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో రొమ్ము క్యాన్సర్‌కు, 2007లో పెద్దప్రేగు క్యాన్సర్‌కు, 2008లో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు అనుమతి ఇచ్చింది. అన్నీ ఒంట్లో వేరేచోటికి పాకిన దశలోనే. రొమ్ముకు, ప్రోస్టేట్‌కు గీత అయిదు కణాల దగ్గర గీశారు. పెద్దప్రేగుకు మూడు దగ్గర. చెరువు వడపోత సంగతి చెప్పాను కదా.

2008లో అచ్చయిన అధ్యయనంలో పాకిన పెద్దప్రేగు క్యాన్సర్ ఉన్న 430 మందిని చూశారు. చికిత్స మొదలయ్యేముందు మూడు కంటే తక్కువ కణాలు ఉన్నవాళ్లలో మధ్యస్థ ఆయుష్షు 18.5 నెలలు. మూడు, అంతకు మించి ఉన్నవాళ్లలో 9.4 నెలలు. దాదాపు సగం. ఇంకో సంగతి నాకు ఇంతకంటే ముఖ్యం అనిపిస్తుంది. మొదట ఎక్కువ ఉండి, మందులు మొదలుపెట్టిన మూడు నుంచి అయిదు వారాల్లో లెక్క మూడు కిందికి దిగినవాళ్లు 11 నెలలు బతికారు, దిగనివాళ్లు 3.7 నెలలు. ఇవి కూడా మధ్యస్థ లెక్కలే. మందు పనిచేస్తుందా లేదా అని స్కాన్‌లో తేలాలంటే రెండు మూడు నెలలు ఆగుతాం. రక్తం నెల రోజుల్లోనే సైగ చేస్తోంది.

మధ్యస్థం అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఇళ్లలో ఎక్కువ ఏడుపు ఈ మాటతోనే వస్తుంది. బడిలో పిల్లలను ఎత్తు ప్రకారం వరుసలో నిలబెట్టండి. సరిగ్గా నడుమ నిలబడ్డ పిల్లవాడి ఎత్తు మధ్యస్థం. సగం మంది అంతకంటే పొట్టి, సగం మంది అంతకంటే పొడుగు. 9.4 నెలలంటే ప్రతి రోగీ తొమ్మిదిన్నర నెలలకు పోతాడని కాదు. సగం మంది అప్పటికీ బతికే ఉన్నారు. మీ నాన్న ఆ వరుసలో ఎక్కడ నిలబడ్డాడో అంకె చెప్పదు. డాక్టరు "తొమ్మిది నెలలు" అని గడప దాటుతూ చెప్పిపోతే, ఇంట్లో ఆ రోజు నుంచే గోడ మీద క్యాలెండర్ చూడటం మొదలవుతుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. అట్లా చెప్పడం తప్పు. గట్టిగానే అంటున్నాను.

లెక్కలో ఇంకో బలహీనత ఉంది. చిన్న అంకెలు నిలకడగా ఉండవు. ఇవాళ మూడు వచ్చిన మనిషికి అదే గంటలో ఇంకో గొట్టం రక్తం తీస్తే ఒకటి రావచ్చు, అయిదు రావచ్చు. నలభై లారీల్లోంచి గంప ముంచితే ఎన్ని బెరుకులు వస్తాయన్నది కొంత అదృష్టమే కదా. పైగా కొన్ని కణాలు గడ్డ విడిచి కదిలేటప్పుడు రూపం మార్చుకుంటాయి, ఒంటి మీది ఎప్‌క్యామ్‌ను వదిలేస్తాయి. అప్పుడు అయస్కాంతానికి దొరకవు. అన్నింటికన్నా ప్రమాదం వాటితోనే కావచ్చని శాస్త్రవేత్తల అనుమానం. ఒంటరిగా కాక గుంపుగా అతుక్కొని తిరిగే కణాలు పాకడంలో ఎన్నో రెట్లు బలమైనవని 2014లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి సున్నా వచ్చిందంటే ఈ వలకు ఏమీ పడలేదని అర్థం. కాల్వలో చేప లేదని అర్థం కాదు.

సరే, లెక్క తెలిసింది. దానితో వైద్యం మారుతుందా? నా దృష్టిలో ఏ పరీక్షనైనా అడగవలసిన ప్రశ్న ఇదే. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ రోగుల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది, 2014లో ఫలితాలు వచ్చాయి. మొదటి విడత కీమో తర్వాత కూడా కణాలు తగ్గనివాళ్లలో కొందరికి వెంటనే మందు మార్చారు. ఆయుష్షు పెరగలేదు. వాళ్ల రోగం మొండిదని లెక్క సరిగానే చెప్పింది, కానీ మార్చి ఇచ్చిన మందు కూడా ఆ మొండితనానికి చాలలేదు. పెద్దప్రేగులో స్పెయిన్ వైద్యులు వేరే దారి పట్టారు. మూడు, అంతకు మించి కణాలు ఉన్నవాళ్లనే ఎంచుకొని, సగం మందికి మామూలు కీమో, సగం మందికి ఇంకో మందు కలిపిన బలమైన కీమో ఇచ్చారు. రోగం మళ్లీ పెరగడానికి పట్టిన కాలం 9.3 నెలల నుంచి 12.4 నెలలకు పోయింది. బలమైన మందుకు విరేచనాలు, నీరసం, తెల్లకణాలు పడిపోవడం లాంటి బాధలూ ఎక్కువే. ఆశ కలిగించే ఫలితమే. అయినా ఇప్పటికీ మన దగ్గర పెద్దప్రేగు క్యాన్సర్‌కు ఈ పరీక్ష అందరికీ చేసేది కాదు. చేయించలేదని ఎవరూ మనసులో పెట్టుకోవద్దు. మా మామకు కూడా చేయించలేదు. చేయించినా ఆయన చికిత్స మారేది కాదు.

చవకగా దొరికే సీఈఏ అనే రక్తపరీక్ష ఉంది, ఈ క్యాన్సర్ కణాలు రక్తంలోకి వదిలే ఒక ప్రొటీన్‌ను కొలుస్తుంది, 1965 నుంచి తెలిసిందే. ఆపరేషన్ అయ్యాక రోగం తిరిగొస్తుందా అని కనిపెట్టడానికి పనికొస్తుంది. బీడీ, చుట్ట తాగేవాళ్లలో క్యాన్సర్ లేకున్నా కొంచెం పెరుగుతుంది, కాబట్టి డాక్టరుకు ఆ అలవాటు దాచకండి. ఇక కొత్తగా వచ్చింది గడ్డ నుంచి రక్తంలోకి రాలే డీఎన్‌ఏ ముక్కలను పట్టే పరీక్ష. ఆస్ట్రేలియాలో రెండో దశ పెద్దప్రేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన 455 మందితో చేసిన పరిశోధన 2022లో అచ్చయింది. ఈ పరీక్షను బట్టి కీమో నిర్ణయిస్తే కీమో పడ్డవాళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు, రోగం తిరిగి రావడం మాత్రం పెరగలేదు. అక్కర్లేని కీమో తప్పడం అంటే ఏమిటో ఆ ఇంజెక్షన్లు ఎక్కించుకున్నవాళ్లకు తెలుసు. ముందు ముందు కణాల లెక్క కంటే ఇదే ఎక్కువ వాడకంలోకి వస్తుందని నా నమ్మకం.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.

(సభలో ఒక యువకుడు: మేడం, ఫోన్లకు మెసేజీలు వస్తున్నాయి, ఒక్క రక్తపరీక్షతో అన్ని క్యాన్సర్లూ ముందే పట్టేస్తామని. చేయించుకోవాలా?)

నేను ఇంతసేపు చెప్పిన కణాల లెక్క దానికి పనికిరాదు బాబూ. రోగం పాకని దశలో ఆ కణాలు చాలా అరుదుగా దొరుకుతాయి. పెద్దప్రేగును ముందే పట్టాలంటే మలంలో కంటికి కనపడని రక్తం ఉందా అని చూసే పరీక్ష ఉంది, తక్కువ ఖర్చు. అందులో తేడా వస్తే కొలనోస్కోపీ, అంటే మలద్వారం నుంచి కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి పెద్దప్రేగు లోపల చూడటం. ఇంట్లో తండ్రికో, అన్నకో, అక్కకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 40 ఏళ్లకు, లేదా వాళ్లకు వచ్చిన వయసుకు పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి.

(ముందు వరుసలో ఒక పెద్దాయన: రక్తం పడితే మొలలే అంటరు గదా అమ్మా?)

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను పెద్దయ్యా. మా మామకు రెండేళ్లు రక్తం పడింది. మొలలని ఒకచోట పసరు మందు, ఇంకోచోట ఇంజెక్షన్. వేలు పెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకసారి అత్త నాకు ఫోన్ చేసింది. నేను డ్యూటీలో ఉన్నాను, హడావుడిలో "మొలలే అయి ఉంటయి అత్తా, కారం తగ్గించమను" అన్నాను. డాక్టర్ను నేను. ఆ తర్వాత ఏడాదికి ఆయన బయాప్సీ స్లైడ్ నా టేబుల్ మీదికే వచ్చింది. గులాబీ, ఊదా రంగుల్లో వంకర తిరిగిన గ్రంథులు, వాటి నడుమ చచ్చిన కణాల చెత్త. చూసిన నిమిషంలో తెలిసిపోయింది. స్లైడ్ మీద పేరు ఇంకోసారి చదువుకున్నాను.

కాబట్టి నలభై దాటినవాళ్లకు కొత్తగా రక్తం పడినా, మలం పోయే తీరు నెల రోజులుగా మారినా, మగవాళ్లకు కారణం లేకుండా రక్తం తగ్గిపోయినా, మొలలు ఉన్నా సరే, లోపల చూపించుకోవాలి. పాలమూరు నుంచి ముంబై పనులకు పోయే అన్నదమ్ములు ఊరికొచ్చాక చూపించుకుందామని ఆగుతారు, ఆ ఆలస్యం వద్దు. ఇక్కడ ప్రభుత్వ ఆస్పత్రిలో మొదలుపెట్టండి. పెద్ద చికిత్సకు హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ కార్డు వెంట తీసుకుపోండి.

(ఒక మహిళ: మా ఆయనకు నాలుగో స్టేజీ అన్నరు మేడం. ఆయనకు చెప్పలే. చెప్పాల్నా?)

అక్కా, మీరు ఇక్కడిదాకా వచ్చి అడిగారంటేనే ఎంత మోస్తున్నారో తెలుస్తోంది. ముందు ఆయన్నే అడగండి, నీ రోగం గురించి నీకు ఎంత తెలియాలని ఉంది అని. వద్దంటే ఆగండి. తెలుసుకోవాలంటే డాక్టరు దగ్గర కూర్చోబెట్టి చెప్పించండి. చాలామందికి అప్పటికే తెలిసి ఉంటుంది. ఇంట్లోవాళ్లు బాధపడతారని వాళ్లే దాస్తుంటారు.

మామ సంగతి చెబుతానన్నాను కదా. ఆ రాత్రి ఆయనకు అంకె చెప్పలేదు. "మామా, ఇది క్యాన్సర్. కాలేయానికి పోయింది. పూర్తిగా తీసేసే రోగం కాదు. మందు పడితే పత్తి ఏరేదాక ఉండే అవకాశమే ఎక్కువ. వచ్చే పత్తికి మాత్రం నేను మాట ఇయ్యలేను" అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గట్లయితే బోరు ఏపియ్య. ఆ పైసలు చిన్నదాని పెండ్లికి ఉండనీ" అన్నాడు. పొద్దున లేచి అత్తను పిలిచి, అప్పులు ఎవరికి ఎంతున్నయో నోటుబుక్కులో రాయించాడు. నెలకు రెండుసార్లు కీమోకు హైదరాబాద్ బస్సెక్కాడు. శ్రావణంలో భూమి కాగితాలు ఇద్దరు బిడ్డల పేరు మీదికి మార్పించాడు.

కార్తీకంలో మొదటి ఏరుడు అయింది. నడవలేకపోతే కల్లం దగ్గర మంచం వేయించుకున్నాడు. కాంటా మీద ఒక్కో బోరెం తూగుతుంటే ముల్లు తానే చూసి అంకె పలికాడు, నేను రాశాను. సాయంత్రం కూలీలకు తన చేత్తోనే పైసలు లెక్కపెట్టి ఇచ్చాడు.